దమ్ము రోగులకు మనము చేయదగినది

ప్రతి సంవత్సరము నవంబరు నెలలో మూడవ బుధవారమును దీర్ఘకాలిక శ్వాసరోగ దినముగా పాటించు ఆచారము 2002 నుండి లోకమున కలదు. మన షోలాపురపు తూర్పు పేటలలో ఆ దినము ఎవరికిని తెలియకయే వచ్చి పోవుచున్నది. రోగము మాత్రము తెలియనిది కాదు. చలి మొదలైన పిమ్మట తెల్లవారుజామున ఏ వీధిలో నిలచి విన్నను ఏదో యొక యింటినుండి విడువని దగ్గు వినబడును. ఆ దగ్గువారిలో కొందరు మెట్లెక్కలేరు. కొందరు పండుగలకును పెండ్లిండ్లకును పోవుట మానుకొన్నారు. కొందరు రాత్రులు దిండ్లకు ఆనుకొని కూర్చుండియే నిద్రింతురు. వీరికొరకు మన సంఘము చేయదగిన పని కొంత కలదనియు, అది డబ్బుకంటె నోటిమాటతో ఎక్కువగా జరుగవలసిన పని యనియు మా అభిప్రాయము.

రోగము చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము 2021లో దీనివలన సుమారు 35 లక్షలమంది మరణించిరి. ఆ యేటి మరణకారణములలో దీనిది నాలుగవ స్థానము. మన దేశములో 1990లో 2 కోట్ల 81 లక్షలమంది దీనితో బాధపడుచుండగా 2016 నాటికి ఆ సంఖ్య 5 కోట్ల 53 లక్షలకు పెరిగెనని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. జనాభా పెరిగినది, వృద్ధులు పెరిగినారు అని కొంత సరిపెట్టుకొనవచ్చును. అయినను అయిదున్నర కోట్లు అనగా చిన్న మాట కాదు.

డాక్టర్లు దీనిని సి.ఓ.పి.డి. యని చీటీపై వ్రాయుదురు. ఆ నాలుగక్షరములు రోగి చెవికి ఏమియు చెప్పవు. మరాఠీవారు ‘దమా’ యందురు, మనవారు ‘దమ్ము’ అందురు. ఈ ఒక్క మాటలోనే చిన్నపిల్లల ఉబ్బసము, ముసలివారి ఆయాసము, గుండె బలహీనతవలన వచ్చు ఎగశ్వాస, అన్నియు చేరిపోవును. మరియొక విచిత్రము చూడుడు. మన భాషలో దమ్మనగా ధైర్యము. దమ్ము కొట్టుట యనగా బీడీ పీల్చుట. దమ్ము వచ్చుట యనగా ఊపిరాడకపోవుట. మాట ఒక్కటియే యైనను, బీడీ దమ్మునుండి ఆయాసపు దమ్మునకు పోవు దారిలో ఇరువది ముప్పది సంవత్సరములు పట్టును గనుక ఒకదానినుండి మరియొకటి పుట్టినదని యెవరికిని తోచదు.

రోగ స్వరూపమును మాకు తెలిసిన డాక్టర్లు చెప్పిన విధముగా ఇచట వ్రాయుచున్నాము. ఊపిరితిత్తి అను మన మాట మంచి మాట. తిత్తి యనగా తోలుసంచి, కొలిమివద్ద కమ్మరి ఊదునట్టిది. ఆ తిత్తిలోనికి గాలి తీసికొనిపోవు సన్నని గొట్టములు పొగవలనను దుమ్మువలనను వాచి, కళ్ళెతో నిండి, ఇరుకగును. చివరనుండు గాలిబుడగల గోడలు చినిగి వాని బిగువు పోవును. అపుడు గాలి లోనికి పోవుటకంటె బయటికి వచ్చుట కష్టమగును. పాతగాలి లోపలనే నిలిచిపోవుటచేత క్రొత్తగాలికి చోటుండదు. రోగి తనకు గాలి చాలలేదని మరింత వేగముగా లోనికి లాగును, దానితో మరింత ఉక్కిరిబిక్కిరి యగును. ఇది తెలిసినవాడు తొందరపడక, వేడి పాలు ఊదునట్లు పెదవులను గుండ్రముగా చేసి, మెల్లగా, లోనికి తీసికొన్నదానికి రెట్టింపు సేపు ఊపిరి వదలును. నాలుగైదు మారులు అట్లు చేసినచో భయము తగ్గును. దీనికి మందు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు, చూపించువాడు ఒకడుండవలెను.

చినిగిన బుడగలు మరల అతుకుకొనవు. రోగము పూర్తిగా పోదు. కాని పెరుగుట తగ్గించవచ్చును, ఆయాసము తగ్గించవచ్చును, ఆసుపత్రిలో పడు దినములు తగ్గించవచ్చును. ‘పోని రోగమునకు మందెందుకు?’ అని మనవారు అనుట మేము పలుమారులు విన్నాము. మధుమేహము పోదు గదా, దానికి మందు మానుచున్నామా?

ఇక కారణములు. మొదటిది బీడీ, సిగరెట్టు పొగ. బీడీ చిన్నది, ఆకుతో చుట్టినది, కాబట్టి మేలని కొందరు తలంచుదురు. అది తప్పు. బీడీ ఆరిపోవుచుండును గనుక మాటిమాటికి గట్టిగా పీల్చవలసి వచ్చును. దాని పొగలో విషపదార్థములు సిగరెట్టు పొగకు తీసిపోవు. కాని మన యిండ్లలో పొగత్రాగని స్త్రీలకు ఈ రోగమెట్లు వచ్చుచున్నది? మన మహారాష్ట్రములోనే పూనా నగరమున పనిచేసిన డాక్టరు సందీప్ సాల్వీ, లండనుకు చెందిన ఆచార్య పీటర్ బార్న్స్ కలిసి 2009లో లాన్సెట్ పత్రికలో పొగత్రాగనివారికి వచ్చు ఈ రోగమును గూర్చియే ప్రత్యేకముగా వ్రాసిరి. కట్టెలు, పిడకలు మండించు పొయ్యి పొగ, పనిచోట దుమ్ము, చిన్ననాట సరిగా మానని ఊపిరి జబ్బులు, పాత క్షయ, ఇవియన్నియు కారణములని వారు చూపిరి. గ్యాసు బండలు ఉజ్జ్వల పథకము ద్వారా 2016 నుండి పేదల యిండ్లకు చేరినవి. సంతోషమే. అయినను అన్నము గ్యాసుపై వండి, స్నానపు నీళ్ళను మాత్రము కట్టెలతోను చిత్తు నూలుతోను ఇంటి మూలన కాచు కుటుంబములు నేటికిని కలవు. బండ అయిపోయిన పిమ్మట రెండవది తెచ్చుటకు కూలి డబ్బు చాలక తిరిగి పొయ్యి రాజేయువారును కలరు. ముప్పదియేండ్లు ఆ పొగలో కూర్చున్న తల్లికి బీడీ త్రాగిన తండ్రికి వచ్చిన రోగమే వచ్చును.

మన స్త్రీలలో అనేకులు బీడీలు చుట్టి సంసారములు నిలిపినవారు. కూలి వేయి బీడీలకు ఇంతయని. పొగాకు చాట ఒడిలో, పిల్ల ప్రక్కన, తలుపు మూసిన చిన్నగది. ఆ పొగాకు ధూళి ముక్కునకు పోవును, గొంతునకు పోవును. పని మానుడని చెప్పుటకు మాకు నోరు రాదు, ఏలయన మరియొక పని చూపకుండ అట్లు చెప్పుట అన్యాయము. గదిలో కాక వాకిట గాని, గాలి ఆడు వసారాలో గాని చుట్టుటయు, పొగాకు జల్లించునపుడు పిల్లలను దూరముగా నుంచుటయు సాధ్యమగు పనులు.

సాంచల కార్ఖానాల మాట చెప్పుటలో మాకు కొంత సంకోచము కలదు, ఏలయన మేమును నూలు వర్తకులమే. కార్ఖానాదారులు మాకు బంధువులు, ఖాతాదారులు. అయినను చెప్పవలెను. ప్రత్తి దుమ్మువలన వచ్చు ఊపిరి జబ్బు శాస్త్రజ్ఞులకు చిరకాలముగా తెలిసినదే. వారపు సెలవు గడచి మరునాడు పనికి వచ్చినపుడు రొమ్ము బిగబట్టినట్లుండుట దాని తొలి గురుతు. దూది ఏకు చోటను వడకు చోటను అది హెచ్చు, నేత చోట కొంత తక్కువ, లేకపోలేదు. నూలు తెగకుండుటకై కిటికీలు మూయుదురు, అది మాకు తెలియును. కాని పని ముగిసిన పిమ్మట గాలిగొట్టముతో సాంచలపై పొట్టును, అదే గొట్టముతో మనుష్యుల ఒంటిపై పొట్టును ఊదించుట ఏల? నేలమీది పొట్టు గాలిలోనికి లేచి అందరి ముక్కులలోనికి పోవుట దప్ప దానివలన లాభమేమి? తడిగుడ్డతో తుడువవచ్చును, పీల్చు యంత్రముతో తీయవచ్చును. ముక్కునకు కట్టుకొను రుమాలు పెద్ద పొట్టును ఆపునే గాని సన్నని ధూళిని ఆపజాలదు.

ఈ సందర్భమున కోలారు బంగారు గనుల ప్రాంతపు మన సోదరులకు ఒక మాట. గనులు 2001లో మూతబడినవి. రాతిదుమ్ము ఊపిరిలో చేరినచో పని మానిన పిదప కూడ దాని కీడు ఆగదు. గనిలో పనిచేసిన పెద్దలకు ఇపుడు ఆయాసము వచ్చుచున్నచో వయస్సని ఊరకుండక, తాము గనిలో పనిచేసిన సంగతి డాక్టరుతో తప్పక చెప్పవలెను. అడుగనిదే చెప్పకపోవుట మనవారి గుణము.

రోగమిది యని తేల్చుటకు ఎక్స్‌రే చాలదు, నాడి చూచుట చాలదు. గొట్టములోనికి గట్టిగా ఊది చూచు పరీక్ష ఒకటి కలదు, స్పైరోమెట్రీ యందురు. మందు పీల్పించిన పిమ్మట, మొత్తము వదలిన గాలిలో మొదటి సెకనులో వదలినది నూటికి 70 పాళ్ళకంటె తక్కువయైనచో గాలిగొట్టములు మూసికొనియున్నవని తెలియును. సూది లేదు, నెత్తురు తీయరు. మనలో అనేకులు సంవత్సరములుగా దమ్ము మందులు వాడుచున్నను ఈ ఊదుడు పరీక్ష ఒక్కమారైనను చేయించుకొనలేదు. రెండు వారములకు మించిన దగ్గునకు కళ్ళె పరీక్షయు చేయించుకొని క్షయ కాదని తేల్చుకొనుట వేరుగా అవసరము. క్షయ పేరు బయటికి వచ్చునేమో, ఆడపిల్ల సంబంధము చెడునేమో యను భయముతో ఆసుపత్రికి పోనివారు కలరు.

ఇపుడు అసలు సంగతికి వత్తము. ఈ రోగమునకు ముఖ్యమైన మందు మ్రింగునది కాదు, పీల్చునది. మనవారు ‘పంపు’ అందురు. దానిని వాడు విధము తప్పినచో మందు నోటిలో పడి గొంతులో దిగునే గాని ఊపిరిలోనికి పోదు. డబ్బు వ్యర్థము, రోగము యథాప్రకారము. గత సంవత్సరము మా వీధిలోని ఒక వృద్ధురాలు, భర్త నేతగాడు, ఆయన పోయి చాలకాలమైనది, పీల్చు మందు మూడు నెలలుగా తెచ్చుకొనుచున్నను గుణము కనబడలేదని మాతో చెప్పెను. ‘రోజు రెండు మింగుతనే ఉన్న బిడ్డా, దమ్ము మాత్రం తగ్గుత లేదు’ అనెను. ఆ బిళ్ళలు పొడిమందు నింపిన గుళికలు. చిన్న సాధనములో పెట్టి, గుళికను చీల్చి, పొడిని పీల్చవలసినవి. ఆమె మూడు నెలలు నీళ్ళతో మ్రింగెను. సాధనము అట్టపెట్టెలోనే భద్రముగా నుండెను. ఆసుపత్రిలో చెప్పలేదా యని అడిగితిమి. చెప్పిరట, మరాఠీలో, వరుసలో నలుబదిమంది నిలచియుండగా, అర నిమిషములో. ఆమెకు అందులో అర్థమైన మాట ‘గోళీ’ ఒక్కటియే. మనకును గోలీ యనగా మ్రింగునదే గదా!

ఇందులో ఆ ఆసుపత్రివారిని నిందించుట మా ఉద్దేశము కాదు. వారు తమ రాష్ట్రభాషలో మాటలాడిరి. ఆమె తన యింటి భాషలో వినెను. మధ్య ఒక మనిషి లేడు. ఆమె కుమారునకు మరాఠీ చక్కగా వచ్చును, కాని ఆ పూట అతడు సాంచవద్ద ఉన్నాడు.

కావున వాడుక విధమును ఇచట వివరించుచున్నాము. చదువగలిగినవారు చదువలేనివారికి చదివి వినిపింపగోరుచున్నాము. నొక్కు పంపు అయినచో మూత తీసి బాగుగా కుదుపవలెను. ముందుగా ఊపిరి పూర్తిగా బయటికి వదలవలెను. పెదవులతో గొట్టమును గట్టిగా మూసి, మెల్లగా లోనికి తీసికొనుట మొదలుపెట్టి అదే క్షణమున నొక్కవలెను. పిమ్మట పది అంకెలు లెక్కించునంతవరకు ఊపిరి బిగబట్టవలెను. రెండవ నొక్కు కావలసినచో అర నిమిషమో నిమిషమో ఆగి మరల కుదిపి నొక్కవలెను. నొక్కుటయు పీల్చుటయు ఒకేమారు కుదరని వృద్ధులకు ‘స్పేసరు’ అను బోలు గొట్టము కలదు. మందు అందులో నిలుచును, తీరికగా పీల్చవచ్చును. దానిని సబ్బునీటితో కడిగి గుడ్డతో తుడువక గాలికి ఆరనీయవలెను. పొడిమందు సాధనము వేరు. దానిని మెల్లగా కాదు, గట్టిగా, లోతుగా పీల్చవలెను. దానిలోనికి ఊదరాదు, పొడి తడిసిపోవును. స్టెరాయిడు కలిసిన మందైనచో పీల్చిన వెంటనే నోరు పుక్కిలించి ఉమియవలెను. లేనిచో నోటిలో తెల్లపూత వచ్చును.

పంపునకు అలవాటు పడుదురు, అది చివరి మందు, అనునవి మన పేటలలో గట్టిగా నాటుకొన్న మాటలు. రెండును నిజము కావు. పీల్చు మందు రవ్వంత మోతాదులో నేరుగా చేరవలసినచోట చేరును. మ్రింగు బిళ్ళ ఒళ్ళంతయు తిరిగి అక్కడికి చేరవలెను. వెంటనే ఉపశమనమిచ్చు పంపు వేరు, ప్రతిదినము వాడవలసిన పంపు వేరు. ఆయాసము వచ్చినపుడు మాత్రమే రెండవదానిని వాడి, పనిచేయలేదని పారవేయువారు కలరు.

ఇంతకంటె ఎక్కువ మోసము పొట్లముల మందులో కలదు. పేరులేని తెల్లపొడి, రెండు దినములలో ఆయాసము మాయము. అట్టి పొట్లములలో స్టెరాయిడు కలుపుట పలుచోట్ల బయటపడిన సంగతియే. నెలలకొలది వాడినచో ముఖము ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముకలు గుల్లయగును. హఠాత్తుగా మానినచో ప్రాణాపాయము కూడ కలుగవచ్చును; కాబట్టి ఇట్టివి చాలకాలము వాడినవారు తామే మానక డాక్టరుకు చూపి మానవలెను. మృగశిర కార్తె వచ్చినచో మన కుటుంబములనుండి హైదరాబాదు నాంపల్లి మైదానమునకు చేపమందుకై పోవువారును కలరు. ఆ నమ్మకముతో మాకు కలహము లేదు. పుట్టినగడ్డకు ఏటికొకసారి పోయివచ్చుట యైనను అగును. శాస్త్రపరీక్షకు నిలచిన మందు మాత్రము అది కాదు. చేపమందు వేసికొన్నామని పంపు మానివేసి, వానలలో ఆసుపత్రి పాలగుట మాత్రము కూడదు.

భాషను గూర్చి కొంత చెప్పవలెను. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగములో భాషా అల్పసంఖ్యాకులకు కొన్ని రక్షణలు చేరినవి. ఒక జిల్లాలో గాని అంతకు చిన్న ప్రాంతములో గాని నూటికి 15 మందికి తక్కువ కాకుండ మాటలాడు భాషలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను ప్రకటింపవలెనను నియమమును రక్షణలలో కలదు. మందు వాడు విధముకంటె ముఖ్యమైన ప్రకటన యేది? నగరపాలక సంఘపు దవాఖానాలలో మనవారు దట్టముగా నున్న పేటలలోనైనను తెలుగు పలకలు వ్రేలాడగట్టుడని వ్రాతమూలముగా అడుగవలెను. అడుగుదము. కాని పలక వచ్చువరకు దమ్ము ఆగునా? మరియొక సంగతి, చేదుగా నున్నను చెప్పుచున్నాము. తెలుగు పలక వ్రేలాడినను చదువువారెవరు? రోగులైన వృద్ధ స్త్రీలలో అనేకులకు అక్షరము రాదు. వారి మనుమలకు తెలుగు మాట వచ్చును, తెలుగు లిపి రాదు, చదువు మరాఠీలో గాని ఇంగ్లీషులో గాని సాగుచున్నది. ఈ పత్రికను చదువు మీరు మధ్యనున్నవారు. అందుకే అచ్చు కాగితముకంటె నోటిమాటయే పని చేయునని మా నమ్మకము. చేతిఫోనులో మాటను నిలిపి పంపు సౌకర్యము అందరికిని కలదు. పంపు వాడు విధమును మన యాసలోనే, అవ్వలకు అర్థమగునట్లు, డాక్టరు ఎదుట చెప్పించి నిలిపినచో అది భివండివరకును పోవును. అయితే ఫోనులలో తిరుగు ప్రతి చిట్కాను నమ్మరాదు. డాక్టరు పేరు లేని సలహాను ఇతరులకు పంపకుండుటయు ఒక సేవయే.

అమెరికాలో ఊపిరి రోగులు నెలకొకమారు కూడి మాటలాడుకొను సంఘములు 1977 నుండి నడచుచున్నవి. అచట డాక్టరుపన్యాసముకంటె రోగికి రోగి చెప్పుకొను మాట యెక్కువ. స్నానము ఎట్లు చేయుదువు, మంచముపైనుండి లేచునపుడు ఏమి చేయుదువు, రాత్రి భయము వేసినచో ఎవరిని పిలుతువు? దమ్ము రోగికి ఆయాసముకంటె పెద్ద బాధ సిగ్గు. నలుగురిలో దగ్గినచో చూతురని ఇంటిలో కూర్చుండును. కూర్చున్నకొలది కాళ్ళ కండలు క్షీణించును. కండలు క్షీణించిన కొలది నాలుగడుగులకే ఆయాసము వచ్చును. ఈ వలయమును త్రెంపునది నడక. పర్యవేక్షణతో నడక, చేతుల వ్యాయామము, శ్వాసాభ్యాసము కలిపి ఆరునుండి ఎనిమిది వారములు చేయించు పద్ధతిని గూర్చి 65 పరిశోధనలను 2015లో కాక్రేన్ సంస్థవారు కూర్చి చూడగా, ఆయాసము తగ్గుటయు నడకశక్తి పెరుగుటయు స్పష్టముగా కనబడెను. మందులతో సమానమైన ఈ చికిత్సకు కావలసినది ఒక వరండా, ఒక కుర్చీ, తెలిసిన ఫిజియోథెరపిస్టు ఒకరు. మన సంఘభవనములో వరండా కలదు. మన పిల్లలలో ఫిజియోథెరపీ చదివినవారును కలరు.

పాటయు మేలు చేయునందురు. ఇంగ్లాండులో ఊపిరి రోగులు కూడి పాడు బృందములు కలవు. దానిపై జరిగిన పరిశోధనలు చిన్నవి, గొప్పలు చెప్పనక్కరలేదు. కాని దీర్ఘముగా ఊపిరి వదలుటకు అది మంచి అభ్యాసమే. మన భజనమండలులలో గొంతెత్తి పాడిన పెద్దలు ఆయాసమువలన వెనుక వరుసకు పోయి, పిదప రాకుండ మానినారు. వారిని కుర్చీ వేసి ముందు కూర్చుండబెట్టి, రెండు చరణములైనను పాడించుడు.

2021లో కరోనా రెండవ వెల్లువనాడు భయముతో అనేక కుటుంబములు ఆక్సిజను యంత్రములు కొన్నవి. అవి నేడు అటకలమీద గుడ్డ కప్పుకొని యున్నవి. రక్తములో ఆక్సిజను ఎల్లప్పుడును బాగుగా తగ్గియుండు కొలదిమంది రోగులకు దినమునకు 15 గంటలకు తక్కువ కాకుండ దానిని ఇచ్చినచో ఆయువు పెరుగునని 1980, 1981 సంవత్సరములనాటి పరిశోధనలు తేల్చినవి. అట్టివారిలో యంత్రము కొనజాలని పేదలు మన పేటలలోనే కలరు. యంత్రములు కలవారు సంఘమునకు తెలిపినచో, నిపుణునిచే శుద్ధిచేయించి, ఆక్సిజను పాలు సరిగా వచ్చుచున్నదని చూపించి, డాక్టరు చీటీ ఉన్నవారికి మాత్రమే ఎరువుగా ఇత్తము. చీటీ లేక ఇయ్యరాదు. ఈ రోగులలో కొందరికి ఆక్సిజను మితిమీరినచో మత్తు కమ్మి ప్రమాదమగును. వారికి వ్రేలిపై పెట్టు యంత్రములో 88 నుండి 92 వరకు ఉండుట చాలును. ఆయాసము హెచ్చినదని ఇంటివారు మీట త్రిప్పరాదు. యంత్రమున్న గదిలో బీడీ గాని దీపము గాని అగరువత్తి గాని వెలిగింపరాదు.

ఖర్చు మాట. మహాత్మా జోతిబా ఫులే జన ఆరోగ్య యోజన ఆసుపత్రిలో చేరినపుడు ఉపయోగపడును, ప్రతి నెల కొనవలసిన పంపునకు కాదు. మన పేదలు దెబ్బతినుచున్నది అచటనే. డబ్బులున్న నెల కొందురు, లేని నెల మానుదురు. కేంద్ర ప్రభుత్వపు అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమములో 2023నుండి ఈ రోగమును చేర్చిరి గనుక ప్రభుత్వ దవాఖానాలో పీల్చు మందు కలదా యని అడుగుట రోగి హక్కు. జన ఔషధి దుకాణములలో అదే మందు వేరు పేరుతో చౌకగా దొరకును, చీటీలోని అసలు మందు పేరు చూపి అడుగవలెను. ఏటికొకసారి ఫ్లూ టీకాయు, న్యుమోనియా టీకాయు ఈ రోగులకు అవసరము.

బీడీ మానుటయే అన్ని మందులకు మొదటి మందు. ఎన్నేండ్లు త్రాగినను, ఎంత ముదిరినను, మానిన దినమునుండి ఊపిరి క్షీణించు వేగము తగ్గును. మానలేనివారికి పొగాకు పెట్టెలపై అచ్చయిన 1800-11-2356 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ కూడ ఈ సేవలో పాలుపంచుకొనుచున్నది, తెలుగులో మాటలాడువారు దొరకుదురు. మరాఠీలో తన అలవాటును చెప్పుకొనుటకు బిడియపడు పెద్దమనిషి తెలుగులో చెప్పుకొనగలడు.

కళ్ళె పచ్చగా మారి చిక్కబడినను, రోజూకంటె ఆయాసము హెచ్చినను ఆ దినమే డాక్టరు వద్దకు పోవలెను. పెదవులు నీలముగా మారుట, మాట పూర్తిచేయలేకపోవుట, పగలు మత్తుగా పడియుండుట, తికమకగా మాటలాడుట కనబడినచో రాత్రి యైనను ఆగక 108కి ఫోను చేయవలెను. తెల్లవారనిమ్మని ఆగుటచేత పోయిన ప్రాణములు మాకు తెలిసినవి కలవు.

సంఘ కార్యవర్గము ఎదుట మేము పెట్టిన ప్రతిపాదన యిది. వచ్చు నెలనుండి రెండవ ఆదివారము ఉదయము పది గంటలకు సంఘభవనపు క్రింది వరండాలో దమ్ము రోగులును వారి ఇంటివారును కూడవలెను. మెట్లెక్కనక్కర లేదు. మన భాష తెలిసిన డాక్టరు ఒకరు, ఫిజియోథెరపిస్టు ఒకరు ఉండునట్లు ఏర్పాటు చేయుదుము. చందా లేదు, మందుల అమ్మకము లేదు, ఉపన్యాసము పావుగంటకు మించదు. మిగిలిన కాలమంతయు ఒక్కొక్కరు తమ పంపును ఎట్లు వాడుచున్నారో చేసి చూపించుటకే. కుంభారి కాలనీనుండి వచ్చువారికి బండి ఏర్పాటునకై ఇద్దరు ఆటో యజమానులు ముందుకు వచ్చినారు, మరియొకరు కావలెను. రాదలచినవారు తమ మందుల సంచిని, పాత చీటీలను, వాడి పారవేయనున్న ఖాళీ డబ్బాలను కూడ వెంట తెచ్చుకొనవలెను.